వెంకటేశులు నేసిన తపాలా బిళ్ళ

వెంకటేశులుకు అక్షరం ముక్క రాదు. అయినా ఇంటికి ఉత్తరం వస్తే ముందు తన చేతికే ఇవ్వాలి. కవరు అటూ ఇటూ తిప్పి, మూలన అంటించిన తపాలా బిళ్ళ చూసి, "ఆ, మనదే" అని అప్పుడు పెండ్లాం హనుమంతమ్మకు ఇచ్చేవాడు. ఆమె రెండో తరగతి దాకా చదివింది గనుక ఆ ఇంటికి పండితురాలు ఆమే.

ధర్మవరంలో పట్టుచీరలు నేసే వీధిలో ఉత్తరాలకు కొదవ లేదు. సూరత్తు నుంచి జరీ అమ్మే సేటు గుజరాతీలో రాస్తాడు. బెంగళూరు నుంచి పట్టు వర్తకుడు కన్నడంలో రాస్తాడు. చీరలు కొనే మద్రాసు షాపువాడు అరవంలో రాస్తాడు. హనుమంతమ్మకు వచ్చిన తెలుగు అక్షరాలు ఆ మూడింటి ముందూ చేతులెత్తేసేవి. చివరికి మొగుడు చదివిన చదువే నిలబడేది. "రాసినోళ్ళు ఎవురైనా గానీ, బిళ్ళ ఒగటే" అని ఆయన మీసం దువ్వుకునేవాడు.

ఆ బిళ్ళ మీద భారతదేశ పటం ఉండేది. కొత్త పైసలు వచ్చిన ఏడాది అవీ వచ్చాయి. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ, ఒకటి ఊదా. రంగు ఏదైనా లోపల అదే పటం, గీతలు లేకుండా, ఇది మీది ఇది మాది అని కంచెలు లేకుండా. అంతకు ముందు ఎన్నో ఏళ్ళు బిళ్ళల మీద తెల్లదొరల రాజు తలకాయ ఉండేది. ఆ తలకాయను కావాలని తలకిందులుగా అంటించడమే వెంకటేశులు చేసిన స్వాతంత్ర్య పోరాటం మొత్తం. దానికే జైలుకు పోయి వచ్చినంత గొప్ప చెప్పుకునేవాడు. పటం బిళ్ళ వచ్చాక మాత్రం చేతులు కడుక్కోకుండా ముట్టేవాడు కాదు. నాలుకతో తడపనిచ్చేవాడూ కాదు. దేశానికి ఎంగిలి తగిలిస్తారా అని కళ్ళెర్రజేసి, పడుగుకు పెట్టే గంజి వేలికొసతో తీసి అంటించేవాడు. పోస్టు మాస్టరు నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ, బిళ్ళ ఊడకపోతే చాలు.

పటం బిళ్ళ వచ్చిన ఐదేళ్ళకు, ఒక సంవత్సరం వాన మొగం చాటేసింది. వేరుశనగ పూతలోనే మాడిపోయింది. చేలో పని లేక కూలివాళ్ళు నేతవీధికి వచ్చి, దారం కండెలు చుట్టే పనైనా ఇవ్వమని అడిగేవాళ్ళు. అట్లా వచ్చినదే ఓబమ్మ. మొగుడు లేడు. ఒక్కగానొక్క కొడుకు ఎర్రిస్వామి పట్టాళంలో చేరాడు. హనుమంతమ్మ ఆమెను పంచలో రాట్నం దగ్గర కూర్చోబెట్టింది. నాలుగు దినాలకే ఇద్దరూ తోబుట్టువుల మాదిరి అయిపోయారు.

దసరా పండగ దాటాక కాఫీ హోటలు రేడియోలో యుద్ధం మాట వినబడింది. హిమాలయాల మీదుగా చైనావాళ్ళు దిగి వస్తున్నారట. అస్సాం అస్సాం అని రేడియో ఒకటే మోత. ఓబమ్మ కొడుకు ఉన్నది ఆ పక్కే. యుద్ధం మొదలైనప్పటి నుంచి అతని దగ్గర నుంచి ఉత్తరం లేదు. ఓబమ్మ ఏడ్చేది కాదు. రాట్నం తిప్పుతూనే, వీధిలో సైకిలు బెల్లు మోగితే తల ఎత్తేది, మళ్ళీ దించుకునేది. అది చూసినప్పుడల్లా హనుమంతమ్మ లేచి, పోస్టు సైకిలు ఏ ఇంటి ముందు ఆగిందో చూసి వచ్చేది.

యుద్ధం ఆగిందన్నారు. రక్షణ నిధికి చందాలు మాత్రం ఆగలేదు. ఊళ్ళో కోమట్లు ఉంగరాలు ఇచ్చారు, రైతుల ఆడవాళ్ళు కమ్మలు తీసి ఇచ్చారు. నేతవీధి దగ్గర ఇవ్వడానికి ఏముంది? జరీ నేసే చేతులకు బంగారం కంటితో చూడటం వరకే రాసిపెట్టి ఉంది. అందరూ తలలు దించుకుని కూర్చున్న ఒక పొద్దుటిపూట వెంకటేశులు పంచలోకి వచ్చి నిలబడి, తపాలా బిళ్ళను నేస్తానన్నాడు.

ఆయన మాటల్ని బట్టి సంగతి ఇది. ఒక పట్టుచీర. దాని చెంగు నిండా బిళ్ళ మీది పటం, మూరెడు ఎత్తున. అంచు గీత జరీతో. లోపల ఒక్కో రాష్ట్రానికి రంగుపట్టుతో ఒక్కో బుటా. ఆ చీరను హైస్కూలు మైదానంలో పెట్టే సభలో వేలం వేయించి, వచ్చిందంతా నిధికి ఇవ్వాలి. వీధిలో ప్రతి ఇంటి నుంచి పట్టు రావాలి, పిడికెడైనా సరే, ఏ రంగైనా సరే.

వీధికి ప్రాణం లేచొచ్చింది. ఒకరు ఎర్రపట్టు తెచ్చారు, ఒకరు పచ్చ, ఒకరు పసుపు, పక్కింటి సుబ్బన్న దాచుకున్న నీలం. బడి అయ్యవారు శ్రీరంగప్ప గోడకు వేలాడే పెద్ద పటం ఇస్తానన్నాడు. వెంకటేశులు వద్దన్నాడు. బడిలో పటం గోడ దిగదని, ఉత్తరం మీది పటమే దేశమంతా తిరిగేదని, తనకు అదే కావాలని మొండికేశాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి అయ్యవారే దిగి వచ్చి, సూది మొనతో బిళ్ళ మీద ఇది మద్రాసు, ఇది మైసూరు, ఇది మనం, ఇది అస్సాం అని చూపించి పోయాడు. ఆ బిళ్ళను వెంకటేశులు మగ్గానికి ఎదురుగా కంటికి ఆనేటట్టు అంటించుకుని, మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు.

ఈ పనికి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ధర్మానికి ఇచ్చిన పట్టు కోసి పారెయ్యకూడదు. మామూలుగా ఒక బుటా ముగిస్తే దారం తెంపి, ఇంకో బుటా దగ్గర కొత్తగా ఎత్తుకుంటారు. ఈయన తెంపలేదు. ఒక బుటా ముగిసిన దారాన్ని అట్లే వదులుగా లాక్కుపోయి, పైన ఆ రంగు కావలసిన చోట మళ్ళీ నేతలోకి దించాడు. ఎర్రదారం తెలుగుదేశంలో మొదలై పైకెక్కింది. నీలం మద్రాసు నుంచి బయలుదేరింది. పచ్చ కేరళలో లేచింది.

నేత కిందినుంచి పైకి పోతుంది గనుక దేశం కన్యాకుమారి నుంచి మొలిచింది. ఓబమ్మ కండెలు చుట్టి తెచ్చి ఇచ్చినప్పుడల్లా అస్సాం వచ్చిందా అని అడిగేది. ఇంకా పైన ఉందని, తొందరపడితే పోగు తెగుతుందని వెంకటేశులు కసిరేవాడు. ఆయనకు ముక్కు మీద కోపం. కసిరిన మరుక్షణం, పోగును బిగించే మగ్గం పలక వేగంగా ఆడేది. అస్సాం బుటా పూర్తయిన దినం ఆయనే పిలిచి చూపించాడు. ఓబమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, కుడిచేతి పక్కన ఉన్న ఆ ఎర్ర బుటాను ఒక్కసారి తాకి, పోయి రాట్నం ముందు కూర్చుంది.

చీరను మగ్గం నుంచి దించేటప్పుడు ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద ఉన్నన్నాళ్ళూ చీర ముఖం నేలకేసి చూస్తుంది, వీపు నేతగాడి కంటికి ఉంటుంది. ముఖానికి దుమ్ము పడకూడదని, దారపు తోకలు కళ్ళెదుట ఉంటే సర్దుకోవచ్చని పెద్దలు పెట్టిన పద్ధతి. దించాక చాప మీద పరిచి, కుంకుమ పెట్టి, ఇంటి ఇల్లాలు దాన్ని తిరగేయాలి. చీర ముఖం మొదట చూసే భాగ్యం ఆమెది. సభ రేపనగా ఆ సాయంత్రం వీధి వీధంతా హనుమంతమ్మ పంచలో చేరింది. అయ్యవారూ వచ్చాడు. హనుమంతమ్మ కుంకుమ పెట్టి, రెండు చేతులా చీరను తిరగేసింది.

జరీ ధగధగా మెరిసింది. ఆడవాళ్ళు అబ్బా అన్నారు. అయ్యవారు మాత్రం పటం మీదికి వంగి కనుబొమలు ముడిచాడు. ఆయన ముఖం చూసి హనుమంతమ్మ పటం వైపు మళ్ళీ చూసింది. ఎక్కడో తేడా ఉంది. మగ్గానికి అంటించిన బిళ్ళను గోటితో ఒలిచి తెచ్చి పక్కన పెట్టుకుంది. బిళ్ళలో అస్సాం కుడిపక్క ఉంది. చీరలో ఎడమపక్క. గుజరాతు తూర్పున ముక్కు చాచుకుని ఉంది. దేశం అద్దంలో పడినట్టు అటుది ఇటు, ఇటుది అటు అయిపోయింది.

వెంకటేశులు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేసినవి నెమళ్ళు, హంసలు, మామిడి పిందెలు, గుడి గోపురాలు. నెమలి ఎటు చూసినా నెమలే. హంస ముక్కు తూర్పుకెందుకు లేదని ఏ పెళ్ళికూతురూ అడగలేదు. అందుకే బిళ్ళను ఎట్లా చూశాడో అట్లా, వీపు వైపున నేసుకుంటూ పోయాడు. ముఖం వైపు అది తిరగబడుతుందని ఆయనకే కాదు, ఆ వీధిలో తలపండిన ఒక్క నేతగాడికీ తోచలేదు. ముప్పూటలా వచ్చి చూసి పోయిన సుబ్బన్నకూ తోచలేదు. తోచి ఉంటే సుబ్బన్న నోరు ఊరుకునేది కాదు.

ఎవరూ నవ్వలేదు. ఓబమ్మ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చి ఎర్ర బుటా కోసం వెదికింది. దాన్ని మొన్న తాకిన పక్కన కాక ఇంకో పక్కన చూసి హనుమంతమ్మను అడిగింది.

"అక్కా, అయితే నా కొడుకు పడమటికి పోయినట్టా?"

ఆ మాటకు వెంకటేశులు లేచి పంచకు ఆనుకునే ఉన్న గదిలోకి పోయి, ఖాళీ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. చీరను ఎవరూ ముట్టుకోవద్దని, సభకు పోయేది లేదని, ఎవరి పట్టు వాళ్ళకు ఎట్లాగైనా తీరుస్తానని అక్కడినుంచే చెప్పాడు. తర్వాత తల దించేసుకున్నాడు.

హనుమంతమ్మకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ఆ గుంట మీద. ఏ కష్టం వచ్చినా మగవాడు పోయి దాక్కోవడానికి ఇంట్లోనే గొయ్యి తవ్వి పెట్టుకున్న కులం తమది ఒక్కటేనేమో అనిపించింది. ఇంటింటి పట్టూ ఆ చీరలో ఉంది. రేపు ఉత్త చేతులతో సభకు పోతే నేతవీధి ఏమీ ఇవ్వలేదన్న మాట ఉండిపోతుంది. మళ్ళీ నేయడానికి పొద్దు లేదు, పట్టూ లేదు. ఆమె చీరను మళ్ళీ తిరగేసింది.

వీపు వైపు దేశం సరిగ్గా ఉంది. అస్సాం అస్సాంలో ఉంది, గుజరాతు గుజరాతులో ఉంది. కానీ వీపు వీపే. రంగు మొదలైన చోటా ముగిసిన చోటా దారపు తోకలు, బుటా నుంచి బుటాకు వదులుగా పాకిన పోగులు. చీర వీపు కొనేవాడికి చూపించడమంటే ఇంట్లో చిరిగిన బొంత వీధిలో ఆరేసుకున్నట్టే అనుకుంటారు నేతవాళ్ళు. హనుమంతమ్మ ఆడవాళ్ళను పిలిచి, కత్తెరలు తెమ్మంది. తోకలన్నీ కత్తిరించి, పోగులన్నీ తీసేస్తే వీపు కూడా ముఖం మాదిరే అవుతుందని ఆమె లెక్క.

తోకలు కత్తిరించారు. వీపు కొంచెం తేటపడింది. అప్పుడు హనుమంతమ్మ, తెలుగుదేశం నుంచి అస్సాం దాకా ఏటవాలుగా పోయిన ఎర్ర పోగును వేలితో ఎత్తి కత్తెరలో పెట్టింది. గుంటలోనుంచి మాట వచ్చింది. ఆయన ఎప్పుడు తల ఎత్తి చూశాడో ఏమో.

"ఆ దారం కోస్తే అస్సాం ఊడి నీ చేతికొస్తాది."

కత్తెర ఆగింది. ఆయన చెప్పినది అక్షరాలా నిజమని ఆ పంచలో ప్రతి ఆడదానికీ తెలుసు. కొత్తగా ఎత్తుకున్న దారమైతే కొన బిగించి ఉంటుంది. ఇవి ఒక బుటా నుంచి ఇంకో బుటాకు నడిచిన దారాలు, వీటికి కొనలు లేవు. ఒకటి ఇంకోదాన్ని పట్టుకుని ఉంది. మధ్యలో తెంపితే రెండు వైపులా పట్టు జారిపోతుంది, ముందు ఒక పోగు, తర్వాత బుటాకు బుటా. మద్రాసు పట్టుకుంటేనే పంజాబు నిలుస్తుంది. మనం పట్టుకుంటేనే అస్సాం.

హనుమంతమ్మ ఆ పోగులను చూస్తూ ఉండిపోయింది. నెలరోజులుగా రోజూ ఊడ్చిన గదిలోనే, రోజూ చూసిన మగ్గం మీదే ఇది ఉంది. అయినా ఇంత ఉందని ఆమెకు తెలియలేదు. పక్కనే గుంటలో ముడుచుకు కూర్చున్న ఆ మొండిమనిషి మీద, పెళ్ళైన ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనంత గర్వం కలిగింది. ఆ సంగతి ఆయనకు చెప్పే అలవాటు ఆమెకు లేదు. కత్తెర చాప కింద దాచేసింది.

"కొయ్యను. ఇది ఇట్లే పోతాది సభకు."

"నలుగురి ముందర వీపు చూపిస్తావా?"

"చూపిస్తా. దాచిపెట్టేదానికి మనమేమన్నా దొంగసొమ్ము నేసినామా?"

ఆయన, పోతే పొమ్మని, ఎవరు నేశారని అడిగితే మాత్రం తన పేరు చెప్పవద్దని, చెబితే తన మీద ఒట్టేనని అన్నాడు. హనుమంతమ్మ సరేనంది. వీధి అంతా సరేనంది.

మరునాడు మైదానం జనంతో కిటకిటలాడింది. రెండు వెదురు గడల మధ్య చీరను చెంగు పరుచుకునేటట్టు వేలాడదీశారు, వీపు జనం వైపు పెట్టి. తాసిల్దారు మాట్లాడాడు, ఇంకెవరో మాట్లాడారు. వేలానికి వచ్చిన వ్యాపారులు ముందు వరసలో ఉన్నారు. చీరను చూడగానే వాళ్ళలో గుసగుసలు బయలుదేరాయి. చీర తిరగేసి కట్టినట్టున్నారని ఒకాయన పైకే అన్నాడు. ఇంకొకాయన లేచి, వెనక్కి పోయి ముఖం చూసి వచ్చి, అటు దేశం తప్పు, ఇటు నేత తప్పు అని నవ్వాడు. నేతవీధి ఆడవాళ్ళ ముఖాలు కందగడ్డల్లా అయ్యాయి.

తాసిల్దారు మంచివాడు. నవ్వలేదు. దగ్గరికి పోయి చూసి, ఇది ఎవరు నేశారని మర్యాదగానే అడిగాడు. నేతవీధి నుంచి ఒక్క నోరూ లేవలేదు. వెంకటేశులు జనం చివర, గోడకు ఆనుకుని, తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుని ఉన్నాడని హనుమంతమ్మకు తెలుసు. రానన్నవాడు వచ్చాడు. చింత చచ్చినా పులుపు చావలేదు. కానీ ఒట్టు ఒట్టే. ఆమె పెదవి కొరుక్కుని నిలబడింది. ఆయన్ని మొగుడని చెప్పుకోవాలని ఆమెకు ఎంతగానో అనిపించిన ఘడియ అది, చెప్పడానికి వీలులేని ఘడియ కూడా అదే.

అప్పుడు ఓబమ్మ జనంలోనుంచి లేచింది. తాసిల్దారును చూడలేదు, వ్యాపారులను చూడలేదు. చీర దగ్గరికి పోయి, మనూరు యాడుండాదని హనుమంతమ్మను అడిగింది. హనుమంతమ్మ వచ్చి తెలుగుదేశపు ఎర్ర బుటా కింది అంచు చూపించింది. ఓబమ్మ అక్కడ వేలు పెట్టింది. అక్కడినుంచి బయలుదేరిన దారం మీద వేలును మెల్లగా పైకి నడిపించింది. దారం ఒరిస్సా మీదుగా పోయింది, బెంగాలు దాటింది. చెయ్యి అందక ఓబమ్మ మునివేళ్ళ మీద లేచింది. నవ్విన వ్యాపారి కూడా ఆ వేలు వెంబడే చూస్తున్నాడు. వేలు అస్సాం బుటా దగ్గర ఆగింది. ఆమె అరచెయ్యి దాని మీద ఆనించింది.

"ఈ దారం యాడా తెగలేదు గదా అక్కా?"

"తెగలేదు ఓబమ్మా. కడదాకా ఉండాది."

ఆమె కొడుకు ఎక్కడున్నదీ, ఉత్తరం రానిదీ ఊళ్ళో తెలియనివాళ్ళు తక్కువ. తెలియనివాళ్ళకు పక్కవాళ్ళు చెవిలో చెప్పారు.

గోడ దగ్గర కదలిక వచ్చింది. జనం పక్కకు జరుగుతున్నారు. వెంకటేశులు తలగుడ్డ తీసి భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు. నేరుగా చీర ముందుకు వచ్చి, తాసిల్దారుకు ఎదురుగా నిలబడ్డాడు.

"మగ్గం నాది సామీ. తప్పు నాదే, గుడ్డా నాదే. తపాలా బిళ్ళను చూసి నేసినా. ఎవురు కొన్నా సరే, ఈ దారాలకు కత్తెర తగలనీకండి."

ఆయన పెట్టిన ఒట్టును ఆయనే తెంపాక వీధికి ఇంక అడ్డేముంది? సుబ్బన్న లేచి ఆ నీలం పట్టు మాదేనన్నాడు. పచ్చది మాదని వెనకనుంచి ఒక ముసలామె కేకేసింది. పసుపు మాది, తెలుపు మాది అని ఇల్లిల్లూ లేచింది. తాసిల్దారు అందరికీ నమస్కారం పెట్టాడు. హనుమంతమ్మ మొగుడి పక్కకు వచ్చి, భుజం ఆయన భుజానికి తగిలేటట్టు నిలబడింది. నలుగురిలో అట్లా నిలబడటం ఆమెకు అదే మొదటిసారి.

ఓబమ్మ చెయ్యి ఇంకా అస్సాం మీదే ఉంది. గోల సద్దుమణిగేదాకా ఆగి, తల తిప్పకుండానే తాసిల్దారుకు చెప్పింది.

"పట్టు ఇచ్చేంత దాన్ని గాను సామీ. ఈ ఎర్రదారం కండెకు చుట్టింది మాత్రం నేను."